చేతిలో కాగితం, జేబులో డాలరు: అమెరికాలో సోమాలీ, సాల్వడార్ వలస కుటుంబాల ఆర్థిక పరిస్థితి

2006 డిసెంబరు 12న అమెరికా ఇమిగ్రేషన్ అధికారులు ఒకే కంపెనీకి చెందిన ఆరు మాంసం ప్లాంట్ల మీద ఒకేసారి దాడి చేశారు. ఈ ప్లాంట్లు నెబ్రాస్కా, కొలరాడో, టెక్సాస్, యూటా, అయోవా, మిన్నెసోటా రాష్ట్రాల్లో ఉన్నాయి. ఆ ఒక్కరోజే దాదాపు 1,300 మంది కార్మికులు అరెస్టయ్యారు. వారిలో ఎక్కువమంది మెక్సికో, గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్ లాంటి దేశాల నుంచి వచ్చి, సరైన పత్రాలు లేకుండా పని చేస్తున్నవారు.

ప్లాంట్లు మాత్రం ఎక్కువకాలం ఖాళీగా ఉండలేదు. నెబ్రాస్కాలోని గ్రాండ్ ఐలాండ్, కొలరాడోలోని గ్రీలీ వంటి ఊళ్లలో ఆ పనిలోకి సోమాలీ శరణార్థులు వచ్చి చేరారు. వాళ్లు మరింత బలవంతులనో, తక్కువ జీతానికి ఒప్పుకున్నారనో కాదు. వాళ్ల దగ్గర చట్టబద్ధంగా పని చేసుకునే కాగితం ఉంది, అంతే.

అమెరికాలో ఈ రెండు వలస సమాజాల ఆర్థిక పరిస్థితిని పోల్చి చూడటానికి ఈ ఘటన మంచి మొదలు. రెండూ అంతర్యుద్ధాల నుంచి పారిపోయి వచ్చినవే. రెండూ కష్టమైన, తక్కువ జీతం వచ్చే పనులతోనే బతుకు మొదలుపెట్టాయి. కానీ ముప్పై, నలభై ఏళ్ల తర్వాత చూస్తే ఒకరికి కాగితం ఉంది, ఆదాయం తక్కువ. ఇంకొకరికి ఆదాయం కాస్త మెరుగు, కాగితానికి భరోసా లేదు. మరి ఎవరి పరిస్థితి బాగున్నట్టు? పేదరికం శాతం ఒక్కటే చూస్తే ఈ ప్రశ్నకు తప్పు జవాబు వస్తుంది.

రెండు యుద్ధాలు, రెండు దారులు

ఎల్ సాల్వడార్‌లో అంతర్యుద్ధం 1980 నుంచి 1992 జనవరిలో శాంతి ఒప్పందం జరిగే వరకు సాగింది. సుమారు 75 వేల మంది చనిపోయారు. లక్షలాది మంది ఉత్తరానికి, అంటే మెక్సికో మీదుగా అమెరికాకు బయలుదేరారు. అయితే అక్కడి ప్రభుత్వానికి సాయం చేస్తున్నది అమెరికాయే. ఆ ప్రభుత్వం నుంచి పారిపోయి వచ్చినవారిని శరణార్థులుగా ఒప్పుకుంటే తన విధానం తప్పని తానే ఒప్పుకున్నట్టు అవుతుంది. అందుకే 1980ల మధ్యలో సాల్వడార్ వాసుల ఆశ్రయ దరఖాస్తుల్లో 3 శాతం కూడా మంజూరు కాలేదు. మిగతావాళ్లు పత్రాలు లేకుండానే ఉండిపోయారు, దొరికిన పనిలో చేరిపోయారు.

సోమాలియాలో 1991 జనవరిలో సియాద్ బర్రే ప్రభుత్వం కూలిపోయి అంతర్యుద్ధం ముదిరింది. ప్రజలు కెన్యాకు పారిపోయారు. అదే ఏడాది అక్కడ దదాబ్ శరణార్థి శిబిరాలు మొదలయ్యాయి. చాలా కుటుంబాలు పదేళ్లు, పదిహేనేళ్లు అక్కడే గడిపాయి. శిబిరం దాటి వెళ్లడానికి, ఉద్యోగం చేసుకోవడానికి అనుమతి ఉండేది కాదు. ఐక్యరాజ్యసమితి ద్వారా ఎంపికైన కుటుంబాలను అమెరికా తన 1980 శరణార్థి చట్టం కింద తీసుకుంది. 1990ల నుంచి ఇలా వచ్చిన సోమాలీలు లక్ష మందికి పైనే.

ఈ దారిలో వచ్చినవారికి దిగిన రోజు నుంచే పని చేసే హక్కు ఉంటుంది. ఏడాది తర్వాత గ్రీన్ కార్డు, మొత్తం ఐదేళ్లకు పౌరసత్వానికి దరఖాస్తు. మొదటి కొన్ని నెలలు ప్రభుత్వ సాయం కూడా అందుతుంది. ఒక విషయం చాలామందికి తెలియదు. విమానం టికెట్ ఉచితం కాదు. అది అప్పు. వచ్చిన ఆరు నెలల దగ్గర నుంచి నెలనెలా తీర్చాలి. కాకపోతే దానికి వడ్డీ ఉండదు. అంటే ఎనిమిది మంది ఉన్న కుటుంబం అమెరికాలో అడుగుపెట్టే నాటికే కొన్ని వేల డాలర్ల బాకీతో మొదలవుతుంది.

ఎక్కడ ఉంటున్నారు, ఏం చేస్తున్నారు

సాల్వడార్ మూలాలవారు అమెరికాలో దాదాపు 25 లక్షల మంది. లాటిన్ అమెరికా మూలాల సమాజాల్లో వాళ్లది ముందు వరుస. లాస్ ఏంజెలిస్, వాషింగ్టన్ పరిసరాలు, హ్యూస్టన్, న్యూయార్క్ పక్కన ఉన్న లాంగ్ ఐలాండ్ వారి ప్రధాన కేంద్రాలు. మగవాళ్లు ఎక్కువగా భవన నిర్మాణం, పెయింటింగ్, తోటపని, హోటల్ వంటగదుల్లో కనిపిస్తారు. ఆడవాళ్లు ఇళ్లలో పని, పిల్లల సంరక్షణ, ఆఫీసుల శుభ్రతలో ఉంటారు. 1990లో లాస్ ఏంజెలిస్ ఆఫీసు భవనాల్లో ఊడ్చి తుడిచే కార్మికులు చేసిన సమ్మె అమెరికా కార్మిక చరిత్రలో పేరున్నది. జూన్ 15న పోలీసులు వారిని లాఠీలతో కొట్టారు, అయినా సమ్మె గెలిచింది. ఆ కార్మికుల్లో సాల్వడార్ వాసులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. పత్రాలు లేనివాళ్లు కూడా యూనియన్ కట్టి జీతం పెంచుకోగలరని ఆ సమ్మె చూపించింది.

సోమాలీల సంఖ్య దీనితో పోలిస్తే చాలా చిన్నది. దేశం మొత్తం మీద రెండు లక్షల అటూ ఇటూ. మిన్నెసోటా రాష్ట్రంలోనే 80 వేల నుంచి లక్ష మంది ఉంటారు. మిన్నియాపొలిస్‌లోని సీడర్-రివర్‌సైడ్ ప్రాంతం వారి గుండెకాయ లాంటిది. తర్వాత ఒహాయోలోని కొలంబస్, సియాటిల్, శాన్ డియాగో. 2001 నుంచి మెయిన్ రాష్ట్రంలోని లూయిస్టన్ అనే చిన్న పట్టణానికి కూడా వందల కుటుంబాలు వెళ్లాయి. మిల్లులు మూతపడి జనం తగ్గిపోయిన ఊరు అది. ఇళ్ల అద్దె తక్కువ, బడులు ప్రశాంతం. 2002లో ఆ ఊరి మేయర్ ఇక రావడం తగ్గించమని సోమాలీలకు బహిరంగ లేఖ రాశాడు. 2003 జనవరిలో వేలమంది స్థానికులు సోమాలీలకు మద్దతుగా సభ పెట్టారు.

సోమాలీలు చేసే పనులు: మాంసం, టర్కీ కోడి ప్లాంట్లు, గిడ్డంగులు, టాక్సీ, లారీ డ్రైవింగ్, వృద్ధులను ఇళ్లలో చూసుకునే ఆరోగ్య సహాయకుల పని, డేకేర్. దీంతోపాటు చిన్న వ్యాపారం. మిన్నియాపొలిస్‌లో సోమాలీ మాల్స్ ఉన్నాయి. చిన్న చిన్న దుకాణాల్లో బట్టలు, అత్తరు, బంగారం, టికెట్లు, డబ్బు పంపే కౌంటర్లు, పక్కనే నమాజు గది. చూస్తే మన పాతబస్తీ బజారు గుర్తుకొస్తుంది.

పేదరికం అంకె ఎందుకు తప్పుదారి పట్టిస్తుంది

మిన్నెసోటా రాష్ట్ర గణాంకాల విభాగం 2010-14 లెక్కల ఆధారంగా ఇచ్చిన నివేదికలో సోమాలీల్లో సగం కంటే ఎక్కువమంది పేదరిక రేఖ దిగువన ఉన్నట్టు తేలింది. తర్వాతి సంవత్సరాల్లో ఇది తగ్గుతూ వచ్చింది కానీ, రాష్ట్ర సగటుతో పోలిస్తే ఇప్పటికీ చాలా ఎక్కువే. సాల్వడార్ మూలాలవారిలో పేదరికం సుమారు 15 శాతం దగ్గర, అంటే జాతీయ సగటుకు కాస్త పైన. వీళ్లలో పది కుటుంబాలకు దాదాపు నాలుగింటికి సొంత ఇల్లు ఉంది. సోమాలీల్లో సొంత ఇల్లున్నవారు చాలా తక్కువ.

ఇది చూసి కొందరు "ప్రభుత్వ సాయం దొరికినవాళ్లు వెనకబడ్డారు, దొరకనివాళ్లు ముందుకెళ్లారు" అనేస్తారు. లెక్క అంత సులభం కాదు.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. 2024లో అమెరికా ప్రభుత్వ పథకాలకు వాడిన పేదరిక రేఖ నలుగురి కుటుంబానికి ఏడాదికి 31,200 డాలర్లు, ఎనిమిది మందికి 52,720 డాలర్లు. గంటకు 18 డాలర్ల జీతంతో ఏడాదంతా పని చేస్తే 37,440 డాలర్లు వస్తాయి. అదే జీతం, అదే పని. నలుగురున్న ఇల్లు రేఖకు పైన ఉంటుంది. ఎనిమిది మందున్న ఇల్లు దిగువన ఉంటుంది. ఇప్పుడు ఇంకో ఇల్లు చూడండి. భర్త, భార్య, భర్త తమ్ముడు ముగ్గురూ గంటకు 15 డాలర్ల చొప్పున పని చేస్తున్నారు. ఇంట్లో ముగ్గురు పిల్లలు. జీతం తక్కువైనా ఏడాది ఆదాయం 93,600 డాలర్లు. ఆరుగురికి రేఖ 41,960 మాత్రమే.

మొదటి తరహా పెద్ద కుటుంబాలు సోమాలీల్లో ఎక్కువ. పిల్లలు ఎక్కువ, సంపాదించేవారు ఒకరు లేదా ఇద్దరు. యుద్ధంలో భర్తను పోగొట్టుకుని పిల్లలతో వచ్చిన తల్లులు చాలామంది. ఏళ్లకేళ్లు శిబిరంలో ఉండి బడి ముఖం చూడనివారు ఉన్నారు. మిన్నెసోటా సోమాలీల్లో దాదాపు సగం మంది ఇంకా పిల్లలు, యువకులే. రెండో తరహా ఇళ్లు సాల్వడార్ సమాజంలో ఎక్కువ. వాళ్లు పనికోసమే, పని చేసే వయసులో వచ్చారు. ఎక్కడ పని ఉందో ముందే తెలిసిన బంధువు ఉంటాడు. చదువు విషయంలో వాళ్లూ ముందు లేరు. సాల్వడార్‌లో పుట్టి వచ్చిన పెద్దవాళ్లలో డిగ్రీ ఉన్నవారు పది మందిలో ఒకరు. ఇంకో తేడా కాలం. సాల్వడార్ వలస 1980లలో బలపడింది. సోమాలీలు పెద్ద సంఖ్యలో వచ్చింది 1990ల చివర, 2000లలో. అంటే దాదాపు ఒక తరం తేడా ఉంది.

కాబట్టి పేదరికం శాతం చూపేది ముఖ్యంగా ఇంట్లో ఎంతమంది తింటున్నారు, ఎంతమంది సంపాదిస్తున్నారు అన్నదే. ఆ సంపాదన రేపు ఉంటుందా లేదా అన్నది అది చెప్పదు.

టీపీఎస్: మన ఇకామా లాంటిదే

సాల్వడార్‌లో 2001 జనవరి 13న, ఫిబ్రవరి 13న రెండు పెద్ద భూకంపాలు వచ్చాయి. అప్పటికే అమెరికాలో ఉన్న సాల్వడార్ వాసులకు ఆ ఏడాది మార్చిలో తాత్కాలిక రక్షణ హోదా, అంటే టీపీఎస్ ఇచ్చారు. రెండు లక్షల మందికి పైగా దీన్ని పొందారు. గల్ఫ్‌లో పని చేసిన కుటుంబాలకు దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఇకామా లాంటిది అనుకోండి. పని చేసుకోవచ్చు, పన్ను కట్టాలి, గడువు అయినప్పుడల్లా ఫీజు కట్టి పొడిగించుకోవాలి. ఎన్నేళ్లున్నా అది మాత్రం శాశ్వత నివాసంగా మారదు. ఇకామా కఫీల్ చేతిలో ఉంటే, టీపీఎస్ ప్రభుత్వం చేతిలో ఉంటుంది. అదే తేడా.

2001 ఫిబ్రవరి నుంచి అమెరికాలో ఉన్నవారికే ఈ హోదా వర్తిస్తుంది. అంటే ఇప్పుడు ఇది ఉన్న ప్రతి ఒక్కరూ ఇరవై ఏళ్లకు పైగా అక్కడ ఉంటున్నవారే. ఇల్లు కొన్నారు, అప్పు కడుతున్నారు, పిల్లలు అక్కడే పుట్టారు. 2018 జనవరిలో అప్పటి ట్రంప్ ప్రభుత్వం దీన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది అక్టోబరులో కోర్టు అడ్డుకుంది. 2023లో బైడెన్ ప్రభుత్వం రద్దును వెనక్కి తీసుకుంది. 2025 జనవరిలో గడువును 2026 సెప్టెంబరు 9 వరకు పొడిగించారు. ఈ మధ్యలో 2021 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఒక సాల్వడార్ జంట కేసులోనే తీర్పు ఇచ్చింది. అనుమతి లేకుండా దేశంలోకి వచ్చినవారు టీపీఎస్ ఉన్నంత మాత్రాన అక్కడే ఉండి గ్రీన్ కార్డు పొందలేరని తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెప్పారు.

దీని ఆర్థిక ఫలితం రోజువారీ బతుకులో కనిపిస్తుంది. వర్క్ పర్మిట్ గడువు పెట్టుకుని ఏ యజమాని ప్రమోషన్ ఇస్తాడు? ఇరవై ఏళ్ల ఇంటి రుణం మీద సంతకం పెట్టేవాడికి ఏడాదిన్నర హోదా చేతిలో ఉంటే నిద్ర ఎలా పడుతుంది? పత్రాలే లేనివారి సంగతి ఇంకా కష్టం. పనిచేసిన జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి భయం. టీపీఎస్ ఉన్నవారికీ, పత్రాలు లేనివారికీ కేంద్ర ప్రభుత్వ ఆహార సాయం, కాలేజీ చదువుకు కేంద్ర సాయం అందవు.

సోమాలీలు కాగితం విషయంలో చాలావరకు నిశ్చింత. పెద్ద భాగం పౌరులయ్యారు. సోమాలియాకూ 1991లో టీపీఎస్ ఇచ్చారు కానీ దాని మీద ఆధారపడినవారు కొన్ని వందల మందే. అయితే వాళ్ల కష్టం వేరే చోట ఉంది. 2017లో వచ్చిన ప్రయాణ నిషేధంలో సోమాలియా పేరు ఉంది, 2025 జూన్‌లో వచ్చినదానిలోనూ ఉంది. భార్య ఇక్కడ, భర్త నైరోబీలో, తల్లి శిబిరంలో ఉన్న ఇళ్లు ఎన్నో. రెండు చోట్ల కుటుంబాన్ని పోషించడం అంటే ఒకే జీతం రెండు పొయ్యిలకు పంచడమే.

ప్లాంటులో రంజాన్

మొదట చెప్పుకున్న గ్రాండ్ ఐలాండ్, గ్రీలీ ప్లాంట్లలో 2008 రంజాన్ నెలలో గొడవ వచ్చింది. ఇఫ్తార్, మగ్రిబ్ నమాజు కోసం కొద్ది నిమిషాలు విరామం కావాలని సోమాలీ కార్మికులు అడిగారు. లైను ఆగితే మిగతావారి మీద భారం పడుతుందని, ఒక వర్గానికే మినహాయింపు ఏంటని ఇతర కార్మికులు అభ్యంతరం చెప్పారు. గ్రీలీలో వందమందికి పైగా ముస్లిం కార్మికుల ఉద్యోగాలు పోయాయి. ఉద్యోగ వివక్షను చూసే కేంద్ర సంస్థ తర్వాత కోర్టుకు వెళ్లింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. లాటినో కార్మికుడికి భయం కాగితం గురించి. సోమాలీ కార్మికుడికి దిగులు నమాజు గురించి. ఇద్దరి భయాన్నీ పెంచింది మాత్రం ఒకటే, అది ఆగని ఆ లైను వేగం.

వడ్డీ లేని చీటీ, బ్యాంకు లేని పొదుపు

రెండు సమాజాలకూ బ్యాంకు కంటే ముందు ఒకరినొకరు నమ్ముకునే పొదుపు ఉంది. సోమాలీ ఆడవాళ్లు అయూతో లేదా హగ్బద్ వేసుకుంటారు. పది మంది నెలకు ఇంత చొప్పున వేస్తారు, ప్రతి నెలా ఒకరు మొత్తం తీసుకుంటారు. మన చీటీయే, కాకపోతే పాట ఉండదు. పాట లేదు కాబట్టి తగ్గింపు లేదు, వడ్డీ లేదు. సాల్వడార్ వాళ్లలో ఇదే పద్ధతిని కుచుబాల్ అంటారు. కారు కొనాలన్నా, లాయర్ ఫీజు కట్టాలన్నా మొదట ఇదే ఆసరా.

పెద్ద పెట్టుబడి దగ్గరే రెండు దారులు వేరవుతాయి. సాల్వడార్ వ్యాపారి పుపూసా రొట్టెల హోటల్ పెట్టాలంటే బ్యాంకు అప్పుకు వెళ్లడానికి అడ్డు హోదా. సోమాలీ వ్యాపారికి అడ్డు వడ్డీ. హోదా ఉన్నా, ఆదాయం ఉన్నా రిబా వద్దని ఆగిపోయినవారు ఎందరో. దీనికి మిన్నియాపొలిస్ నగర పాలక సంస్థ 2000లలో ఒక మార్గం వెతికింది. సోమాలీ వలసదారు హుస్సేన్ సమతార్ స్థాపించిన ఆఫ్రికన్ డెవలప్‌మెంట్ సెంటర్‌తో కలిసి, వడ్డీకి బదులు ముందే నిర్ణయించిన లాభం పద్ధతిలో చిన్న వ్యాపారాలకు పెట్టుబడి ఇచ్చింది. సమతార్ 2010లో ఆ నగర స్కూలు బోర్డుకు ఎన్నికయ్యారు, 2013లో మరణించారు.

ఇంటికి పంపే డబ్బు

ఎల్ సాల్వడార్‌కు 2023లో విదేశాల నుంచి 800 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. అది ఆ దేశ ఆర్థిక వ్యవస్థలో దాదాపు నాలుగో వంతు. 2001 నుంచి అక్కడ డాలరే అధికారిక కరెన్సీ కాబట్టి పంపిన డబ్బు మారకంలో కరగదు.

సోమాలియాకు పంపడం అంత తేలిక కాదు. అక్కడ బ్యాంకులు సరిగ్గా లేని కాలంలో హవాలా సంస్థలే ఆధారం. మన దగ్గర హవాలా అంటే చట్టవిరుద్ధం అనే అర్థం ఉంది. అమెరికాలోని సోమాలీ సంస్థలు లైసెన్సుతో నడిచేవి. అయినా 2001 నవంబరులో అమెరికా ప్రభుత్వం అల్-బరకాత్ అనే పెద్ద సంస్థను ఉగ్రవాద అనుమానంతో మూసేసింది. తర్వాతి ఏళ్లలో ఆ ఆంక్షలు తొలగిపోయాయి కానీ, పోయిన వ్యాపారం తిరిగి రాలేదు. 2011 చివర మిన్నెసోటాలో, 2015 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో ఈ సంస్థలకు సేవలందిస్తున్న బ్యాంకులు ఖాతాలు మూసేశాయి. ప్రతిసారీ శిబిరంలో ఉన్న తల్లికి నెల ఖర్చు ఎలా పంపాలన్నదే ప్రశ్న.

2026 జనవరి 1 నుంచి అమెరికా నుంచి నగదు రూపంలో పంపే డబ్బు మీద 1 శాతం పన్ను వచ్చింది. కౌంటర్ దగ్గర నోట్లు ఇచ్చి పంపే అలవాటున్న రెండు సమాజాల మీదా ఇది పడుతుంది.

హైదరాబాద్‌లో కనిపించే తేడా

ఈ పోలిక మనకు దూరపు విషయం కాదు. హైదరాబాద్ టోలిచౌకి పారామౌంట్ కాలనీ వైపు సోమాలీ విద్యార్థులు, శరణార్థి కుటుంబాలు ఏళ్లుగా ఉంటున్నాయి. భారత్ 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు. ఐక్యరాజ్యసమితి కార్డు ఉన్నా శరణార్థికి చట్టబద్ధంగా ఉద్యోగం చేసే హక్కు లేదు. ఒకే దేశం నుంచి, ఒకే యుద్ధం నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకరు మిన్నియాపొలిస్ చేరి, ఒకరు హైదరాబాద్‌లో ఆగిపోతే, ఇరవై ఏళ్ల తర్వాత ఇద్దరి మధ్య తేడా తెలివి వల్లో కష్టం వల్లో రాదు.

ఒక్క చూపులో

• రాక: సాల్వడార్ వాసులు ఎక్కువగా పత్రాలు లేకుండా, సోమాలీలు ఎక్కువగా గుర్తింపు పొందిన శరణార్థులుగా.
• ఆదాయం: సాల్వడార్ ఇళ్లలో సంపాదించేవారు ఎక్కువ, పేదరికం తక్కువ, సోమాలీ ఇళ్లలో పిల్లలు ఎక్కువ, పేదరికం ఎక్కువ కానీ తగ్గుతోంది.
• భరోసా: సోమాలీల్లో చాలామంది పౌరులు, సాల్వడార్ వాసుల్లో లక్షల మంది గడువున్న హోదాతో లేదా ఏ హోదా లేకుండా.
• అప్పు: ఒకరికి హోదా అడ్డు, ఒకరికి వడ్డీ అడ్డు.
• రెండో తరం: అక్కడే పుట్టిన పిల్లలు రెండు సమాజాల్లోనూ పౌరులే. తేడా ఏమిటంటే, సాల్వడార్ పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలను పంపించేస్తారేమో అన్న భయంతో చదువుకుంటున్నారు.

వలస వచ్చిన ఇంటి పరిస్థితి తెలుసుకోవాలంటే రెండు ప్రశ్నలు అడగాలి. ఈ నెల ఎంత వచ్చింది? వచ్చే ఏడాది కూడా ఇక్కడే ఉండగలరా? సాల్వడార్ కుటుంబం మొదటిదానికి ధైర్యంగా జవాబు చెబుతుంది, రెండోదానికి తల దించుకుంటుంది. సోమాలీ కుటుంబం మొదటిదానికి తడబడుతుంది, రెండోదానికి తల ఎత్తి చెబుతుంది.